నోట్లో తడి: నెత్తురు పనా, నరం పనా?

ఆయన ఆళ్లగడ్డలో పశువుల డాక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆమె ఆయన మేనకోడలు, నంద్యాలలో వైద్య విద్యార్థులకు ఫిజియాలజీ చెబుతుంది. ఇద్దరికీ తగవు వచ్చింది అత్త నోరు ఎండిపోవడం దగ్గర. కొన్నాళ్లుగా అత్తకు రాత్రిళ్లు నాలుక అంగిటికి అతుక్కుంటోంది. జొన్నరొట్టె మింగాలంటే ప్రతి తునకకూ గుక్కెడు నీళ్లు కావాలి. ఎవరో చూసి “ఒంట్లో నెత్తురు సరిగా ఆడటం లేదు” అన్నారు. రక్తం పట్టే టానిక్కు మొదలైంది. మామ అది సబబే అన్నాడు, కోడలు కాదంది.

ఆళ్లగడ్డలో ఆ వసారాలో నేనూ కూర్చుని ఉన్నాను. మన పల్లెల్లో ఒంటికి ఏమొచ్చినా మొదటి నేరం నెత్తురు మీదే మోపుతారు. ముసలివాళ్ల నోరు ఎండిందంటే అదసలు జబ్బు లెక్కలోకే రాదు. తిండి తగ్గుతుంది, పళ్లు పుచ్చుతాయి, మాట తడబడుతుంది, అంతా వయసు ఖాతాలో రాసేస్తారు. అందుకే వాళ్ల వాదన రాసి పెట్టాలనిపించింది.

మామ: నువ్వు ఏమన్నా అను పాపా, ఉమ్మి యాడినుంచో ఊడిపడదు. నెత్తురులోని నీళ్లే గ్రంథిలోకి దిగి నోట్లోకి వస్తాయి. ఆవు రోజుకు వంద లీటర్లకు పైగా లాలాజలం చేస్తాది. అంత నీళ్లు నెత్తురు కాక ఇంకెవరిస్తారు? ఎండాకాలంలో నీళ్లు దొరకని గొడ్డు నోట్లో చెయ్యి పెట్టి చూడు, జిగురు తప్ప ఏముండదు. కేసీ కాలవకు నీళ్లే రాకపోతే తూము ఎత్తి ఏం లాభం?

కోడలు: లాభం లేదు, ఒప్పుకుంటా. కానీ కాలవ నిండుగా పారుతున్నా తూము దించే ఉంటే చేను ఎండుతుంది కదా? అత్త విషయంలో జరుగుతున్నది అదే. మొన్నటి రిపోర్టులో హిమోగ్లోబిన్ పన్నెండు దాటి ఉంది. బీపీ బాగుంది. నెత్తురుకు లోటేముంది?

మామ: హిమోగ్లోబిన్ ఒంటికంతటికీ లెక్క. గ్రంథిలోకి ఎంత పోతాందో అందులో తెలీదు. వయసు మళ్లినాక సన్న నాళాలు బిగుసుకుంటాయి.

కోడలు: అయితే ఒకసారి పళ్లు గట్టిగా కొరుకు మామా. చెంపలో కండ ఉబ్బింది చూడు, దాని ముందంచు దగ్గర కింది దవడ ఎముక మీద వేలు పెట్టు. ఇప్పుడు పళ్లు వదులు చెయ్యి. ఏమన్నా తగులుతోందా?

మామ: కొట్టుకుంటాంది. ఇది నాకు కొత్తా? గుర్రానికి నాడి చూసేది ఈడనే. ఆవుకైతే తోక కింద చూస్తాం.

కోడలు: ఆ ఫేషియల్ ధమని ఎముక మీదికి ఎక్కకముందు దవడ కింది గ్రంథిని ఒరుసుకుంటూ వస్తుంది, దానికి కొమ్మలిస్తూ వస్తుంది. అత్తకూ పట్టి చూశాను, అంతే బలంగా కొట్టుకుంటోంది. లోపల సన్న నాళాల సంగతి వేలికి తెలియదు, నిజమే. కానీ నెత్తురు తోస్తే ఉమ్మి దిగుతుందన్న మాట దగ్గరే నాకు పేచీ. 1851లో జ్యూరిచ్‌లో కార్ల్ లుడ్విగ్ కుక్క లాలాజల నాళంలో గొట్టం పెట్టి, గ్రంథికి పోయే నరాన్ని కరెంటుతో రేపాడు. గొట్టం కొసను కొలమానానికి కలిపి మూసేశాడు. గ్రంథి ఆగకుండా ఊరుతూనే ఉంది. చివరికి గొట్టంలోని ఉమ్మి ఒత్తిడి ఆ కుక్క మెడ ధమనిలోని నెత్తురు ఒత్తిడిని దాటిపోయింది. నెత్తురు తోసుడుకే ఉమ్మి దిగేదైతే, తోసేదాని కంటే తోయబడేదాని ఒత్తిడి ఎక్కువ ఎట్లా అవుతుంది?

ఇక్కడ మామ కాసేపు మాట్లాడలేదు. ఆ ప్రయోగానికి ముందు గ్రంథిని జల్లెడ లాగే అనుకునేవాళ్లు, నెత్తురు ఒత్తిడికి నీళ్లు వడగట్టుకుని దిగుతాయని. లుడ్విగ్ కొలత ఆ ఊహను కొట్టేసింది. గ్రంథి కణాలు ఉప్పును తామే లోపలి నాళంలోకి తోడుతాయి, ఉప్పు వెంట నీళ్లు నడుస్తాయి. తోడే శక్తి కణాలది. ఒంట్లో నెత్తురు నడక ఆగిపోయినాక కూడా నరాన్ని రేపితే కాసింత ఉమ్మి వస్తుంది, కొద్దిసేపే.

మామ: కొద్దిసేపే అన్నావు. ఆ కొద్దిసేపు అయినాక?

కోడలు: ఆగిపోతుంది.

మామ: ఎందుకాగుతాది? సరుకు అయిపోయింది కాబట్టి. నేను చెప్తాండేది కూడా అదే కదా. లుడ్విగ్ పేరు నువ్వెత్తితే క్లాడ్ బెర్నార్డ్ పేరు నేనెత్తుతా. 1858లో పారిస్‌లో ఆయన చూసింది సిరను. గ్రంథి ఊరకుండేటప్పుడు సిరలో నెత్తురు నల్లగా, మెల్లగా వస్తాంది. గ్రంథికి పోయే కార్డా టింపనీ నరాన్ని రేపినాడు. అంతే, సిరలోంచి ఎర్రటి నెత్తురు ధమనిలో మాదిరి ఎగిరెగిరి వచ్చింది. మెడ పక్కనుంచి వచ్చే సింపథెటిక్ నరాన్ని రేపితే మళ్లీ నల్లబడి సన్నబడింది. గ్రంథి పని చేసేటప్పుడు నెత్తురు పదింతలు, ఇరవై ఇంతలు పెరుగుతాది. బరువుకు బరువు చూస్తే పరుగెత్తే కండకు కూడా అంత అందదు. పనికిరానిదైతే దేహం అంత నెత్తురు ఎందుకు పంపుతాది?

కోడలు: పనికిరాదని నేననలేదు. ఎవరు పంపిస్తున్నారో చూడమంటున్నా. బెర్నార్డ్ రేపింది నరాన్ని. నాళాన్ని వెడల్పు చేసే నరం అంటూ ఒకటుందని లోకానికి మొదట తెలిసిందే ఆ ప్రయోగంతో. ఇంకొకటి, సిరలో నెత్తురు ఎర్రగా ఎందుకొచ్చింది? గ్రంథి తనకు కావలసిన ఆక్సిజన్ తీసుకున్నా ఇంకా బోలెడు మిగిలింది కాబట్టి. గ్రంథి ఆకలిని బట్టి నెత్తురు వచ్చి ఉంటే అంత మిగలదు.

మామ: బార్‌క్రాఫ్ట్ అట్లా అనలేదే. కేంబ్రిడ్జిలో ఆయన, 1914 నాటికి, గ్రంథి పని చేస్తే పుట్టే పదార్థాలే నాళాలను వెడల్పు చేస్తాయన్నాడు. అంటే పని ముందు, నెత్తురు వెనక. నేను చదువుకునే రోజుల్లో మాకట్లే చెప్పినారు.

కోడలు: ఆయనకంటే చాలా ముందే దానికి అడ్డొచ్చే ప్రయోగం ఒకటి జరిగి ఉంది మామా. 1872లో హైడెన్‌హైన్ చేశాడు. అది నీ చేతి మీద కూడా చాలాసార్లు జరిగింది, నువ్వు గమనించి ఉండవు. పత్తికి మందు కొట్టిన చేను గట్టున గడ్డి మేసిన బర్రెకు ఏం చేసేవాడివి?

మామ: అట్రోపిన్. ఇంకేముంది?

ఈ ఒక్క మాట దగ్గర ఆయన గొంతు మారింది. తర్వాత చాలాసేపు ఆయనే చెప్పాడు. నంద్యాల చుట్టూ నల్లరేగడి మీద పత్తి ఎన్ని తరాలుగానో ఉంది. 1906లో నంద్యాలలో వ్యవసాయ పరిశోధన క్షేత్రం పెట్టారు, నరసింహ అనే పత్తి రకం అక్కడిదే. పత్తితో పాటు పురుగుల మందులూ వచ్చాయి. ఆర్గానోఫాస్ఫరస్ మందు ఒంట్లోకి పోతే, నరం ఆదేశాన్ని మోసే ఎసిటైల్ కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ పడిపోతుంది. నరం కొసల్లో ఎసిటైల్ కోలిన్ పోగుపడుతుంది. అప్పుడు బర్రె నోటినుంచి జొల్లు తాళ్లు తాళ్లుగా నేలదాకా సాగుతుంది, కళ్లు కారతాయి, ఊపిరితిత్తుల్లో గురగుర మొదలవుతుంది. మామ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: “సూది వేసినాక నేను చూసేది జొల్లును కాదు, రొమ్ముకు చెవి పెట్టి గురగుర తగ్గిందా అని చూస్తా. జొల్లు ముందే తెగిపోతాది. రొమ్ము శుభ్రమైతేనే ప్రాణం నిలబడినట్టు.” మనుషుల వార్డుల్లోనూ డాక్టర్లు చూసేది అదే, రొమ్ములో చప్పుడు, గుండె వేగం, బీపీ. పురుగుల మందు తాగి ఆస్పత్రికి వచ్చినవాళ్ల మంచాల పక్కన ఎన్ని ఇళ్ల దుఃఖం నిలబడి ఉంటుందో ఈ ప్రాంతంవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

కోడలు: ఇప్పుడు హైడెన్‌హైన్ సంగతి. ఆయన కుక్కకు అట్రోపిన్ ఎక్కించి, అదే కార్డా టింపనీని రేపాడు. ఉమ్మి చుక్క రాలేదు. కానీ గ్రంథిలోకి నెత్తురు ఎప్పటిలాగే ఉరికింది. అంటే రెండు విషయాలు తేలాయి. ఉమ్మి ఊరకపోయినా నెత్తురు వస్తుంది, కాబట్టి నెత్తురు రావడానికి గ్రంథి పని ఒక్కటే కారణం కాదు. నెత్తురు వరదలా వచ్చినా ఉమ్మి ఊరదు, కాబట్టి నోటి తడికి నెత్తురు ఒక్కటే చాలదు. ఈ రెండోది అత్తకు కావాల్సింది.

మామ: ఉండు ఉండు. అట్రోపిన్ ఎసిటైల్ కోలిన్‌ను అడ్డుకుంటాది. నరం మోసేది అదే అయితే నాళాలు కూడా ఊరకుండాల గదా? మరి వాటిని వెడల్పు చేసింది ఎవరు?

కోడలు: మంచి చోట పట్టుకున్నావు. ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి వందేళ్ల పైన పట్టింది. 1950ల నడుమ హిల్టన్, లూయిస్ అనే ఇద్దరు ఇంగ్లాండులో ఒక దారి చెప్పారు. గ్రంథి తన కల్లిక్రీన్ అనే ఎంజైమ్‌ను వదులుతుంది, అది నెత్తురులోని ప్రోటీన్ నుంచి బ్రాడికినిన్‌ను పుట్టిస్తుంది, అది నాళాలను సడలిస్తుంది అని. దాని మీద ఏళ్ల తరబడి కొట్లాట నడిచింది. తర్వాత, 1970లో సయీద్, మట్ పంది పేగు నుంచి వీఐపీ అనే చిన్న ప్రోటీన్ తీశారు. పదేళ్లకు స్టాక్‌హోంలో లుండ్‌బెర్గ్, హోక్‌ఫెల్ట్ వాళ్లు పిల్లి లాలాజల గ్రంథి నరాల్లో ఎసిటైల్ కోలిన్, వీఐపీ ఒకే నరం కొసలో ఉన్నాయని చూపించారు. నరం నెమ్మదిగా కొట్టుకుంటే ఎక్కువగా ఎసిటైల్ కోలిన్ వస్తుంది. వేగంగా కొట్టుకుంటే వీఐపీ కూడా విడుదలై నాళాలను బాగా తెరుస్తుంది. అట్రోపిన్ ఆపేది మొదటిదాన్ని మాత్రమే. నైట్రిక్ ఆక్సైడ్‌కు కూడా ఇందులో వాటా ఉంది, జంతువును బట్టి ఆ వాటా మారుతుంది.

మామ: అంటే తూము ఎత్తేది, కాలవకు నీళ్లు వదిలేది ఒకే నరం. రెండు చేతుల్లో రెండు సరుకులు.

కోడలు: అవును. అందుకే నెత్తురు వెనకబడి రాదు, ఉమ్మితో పాటే బయలుదేరుతుంది.

మామ: మరి నెత్తురు పని చిన్నదని ఎట్లంటావు? ఊరకుండేటప్పుడు మనిషికి నిమిషానికి మూడో వంతు మిల్లీలీటరు ఊరితే, తినేటప్పుడు దానికి అయిదారింతలు ఊరాల. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర. ఆ గ్రంథుల బరువెంత? ఉత్త చేతిలో పట్టేంత. దానంతట అది ఎంతసేపు ఓపుతాది?

కోడలు: ఎక్కువసేపు ఓపదు. ఒక ముద్దకు సరిపడా ఊరడానికి కణాల్లో ఉన్నది చాలు, పూట భోజనానికి చాలదు. అందులో నీదే గెలుపు.

నిజానికి ఈ చోట ఇద్దరూ చెప్పని ఒక సంగతి గ్రంథి కట్టడంలోనే ఉంది. లోపలికి వచ్చే ధమని లాలాజల నాళాన్నే పట్టుకుని, ఉమ్మి బయటికి పోయే దిక్కుకు ఎదురుగా నడుస్తుంది. నాళం చుట్టూ కేశనాళికల అల్లిక దట్టంగా ఉంటుంది. కణాలు మొదట ఇచ్చే ద్రవం నెత్తురంత ఉప్పగా ఉంటుంది. నాళం గోడలు దారిలో ఉప్పును వెనక్కి లాగేస్తాయి, లాగిన ఉప్పును ఆ నెత్తురే మోసుకుపోతుంది. అందుకే మన ఉమ్మి చప్పగా ఉంటుంది, అందుకే కూరలో ఉప్పు తక్కువైతే నాలుకకు తెలుస్తుంది.

మామ: గెలుపు నాదంటే సరిపోదు. భయం సంగతి చెప్పు. భయపడితే నోరెండుతాది. సింపథెటిక్ నరం నాళాలను బిగిస్తాది, నెత్తురు తగ్గుతాది, నోరెండుతాది. ఇది మీ పుస్తకాల్లోనే ఉండాది. పూర్వం దొంగను పట్టేదానికి బియ్యం నమిలించేవాళ్లు కూడా.

ఆయన చెప్పింది తండుల దివ్యం. దొంగతనం అనుమానం వచ్చినవాడి చేత బియ్యం నమిలించేవాళ్లు. ఉమ్మిలో నెత్తురు కనబడినా, దవడా అంగిలీ వాడినా, ఒళ్లు వణికినా దోషి అనేవాళ్లు. పితామహుడి పేరున ఉన్న ఆ శ్లోకాలను విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో ఎత్తి చూపాడు. ఆ మితాక్షరను పదమూడో శతాబ్దంలో కేతన తెలుగు చేశాడు. ఎంతమంది నిర్దోషులు భయంతో నోరెండి శిక్షకు గురయ్యారో తలుచుకుంటే బాధ కలుగుతుంది.

కోడలు: పుస్తకాల్లో అట్లా క్లుప్తంగా రాస్తారు, మా పిల్లలూ అదే అప్పజెప్తారు. కానీ ఎమ్మెలిన్, గారెట్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి చూసి చెప్పింది వేరు. గ్రంథికి పోయే సింపథెటిక్ నరాల్లో రెండు రకాలున్నాయి. ఒకటి కణాలతో చిక్కటి, ప్రోటీన్ ఉన్న ఉమ్మిని చేయిస్తుంది, అంటే అది ఉమ్మికి శత్రువు కాదు. రెండోది నాళాన్ని బిగిస్తుంది. తినేటప్పుడు ఈ రెండోది ఊరకే ఉంటుంది. భయంలో నోరెండేది ముఖ్యంగా మెదడులోని కేంద్రం కార్డా టింపనీ లాంటి పారాసింపథెటిక్ నరాలకు ఇచ్చే ఆదేశాన్ని తగ్గించేయడం వల్ల. నాళాలు బిగుసుకోవడం అసలు కారణం కాదు.

మామ: మరి నాళం బిగించే నరం ఎప్పుడు పని చేస్తాది?

కోడలు: నెత్తురు బాగా పోయినప్పుడు, బీపీ పడిపోయినప్పుడు. గుండెకూ మెదడుకూ మిగిలించడానికి దేహం మిగతాచోట్ల బిగిస్తుంది, అందులో ఈ గ్రంథీ ఉంది. నువ్వు ఎండాకాలంలో చూసిన గొడ్డు ఆ లెక్కలోదే. అత్త ఆ లెక్కలోకి రాదు.

మామ: చూపించు మల్ల.

ఆమె చూపించింది. అత్తను పొద్దుటెండ పడేచోట కూర్చోబెట్టింది. ముందు ఐదు నిమిషాలు నోట్లో ఊరినదంతా మందు కొలిచే చిన్న కప్పులో ఉమ్మమంది. కప్పు అడుగు కూడా సరిగా తడవలేదు. నిమిషానికి 0.1 మిల్లీలీటరు కంటే తగ్గితే తక్కువ కిందే లెక్క. తర్వాత నాలుక పైకెత్తమని, ఫోన్ లైటు వేసి, నాలుక కింద నడుమ తీగకు రెండు పక్కలా ఉన్న చిన్న బుడిపెలను గుడ్డతో ఒత్తి ఆరబెట్టింది. దవడ కింది గ్రంథుల నాళాలు తెరుచుకునేది అక్కడే. నాలుక మీద చింతపండు పిక్కంత పెట్టింది. చూస్తూ కూర్చున్నాం. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఎడమ బుడిపె కొస మెరిసింది, ఒక చుక్క ఉబ్బింది, కుడి పక్కనా ఉబ్బింది. రెండూ కలిసి నాలుక కింద పలచని నీటి పొర పరుచుకుంది. చెంప లోపల, పైదవడ రెండో నమిలే పంటి ఎదురుగా కూడా తడి కనబడింది. అది చెవి ముందరి పెరోటిడ్ తడి, గవదబిళ్లలు వస్తే వాచేది ఆ గ్రంథే.

కోడలు: గ్రంథి బతికే ఉంది, నెత్తురూ అందుతోంది. లేకపోతే పులుపుకు ఇంత మాత్రం కూడా రాదు. వచ్చింది ఆలస్యంగా, కొద్దిగా. అంటే ఆదేశం సగంలో ఎక్కడో ఆగుతోంది. అత్తా, మందుల సంచి తీసుకురా.

సంచిలోంచి తీసిన రేకుల్లో రెండింటిని ఆమె పక్కకు పెట్టింది. తుమ్ములకని రోజూ వేసుకునే క్లోర్‌ఫెనిరమిన్. అరికాళ్ల మంటలకు రాత్రిపూట వేసుకునే అమిట్రిప్టిలిన్. రెండూ ఎసిటైల్ కోలిన్‌ను గ్రంథి కణం దగ్గర అడ్డుకునేవే. హైడెన్‌హైన్ కుక్కకు అట్రోపిన్ చేసిన పనినే ఇవి మెల్లగా, రోజూ, అత్తకు చేస్తున్నాయి. తుమ్ముల మాత్ర ఎవరూ రాయలేదు, అంగట్లో కొన్నది.

మామ: ఇది నాకు తోచాల్సింది. సరే, టానిక్కు ఆపుతాను. కానీ నా వాదం వదల్లేదు. గొర్రె పెరోటిడ్ సంగతి చెప్పు. దాని నరాలన్నీ కోసేసినా ఉమ్మి కారుతూనే ఉంటాది, 1950లలోనే చూసినారు. నరం మాట లేకుండానే పని చేసే గ్రంథి ఉండాది గదా?

కోడలు: ఉంది. నెమరువేసే జంతువు కడుపులో పులుపు పుట్టడం ఆగదు, దాన్ని చల్లార్చే క్షారం కూడా ఆగకూడదు. అందుకని ఆ గ్రంథి ఊరకనే ఊరుతూ ఉంటుంది, నరం దాన్ని పెంచుతుంది అంతే. మనిషి పెరోటిడ్ అట్లా కాదు, నిద్రలో దాదాపు మూగబోతుంది. ఆవును చూసి అత్తకు మందు రాయకూడదు మామా.

మామ: అరికాళ్ల మంటలున్నాయంటే షుగరు ఎన్నేళ్లనుంచో ఉండొచ్చు. షుగరు ఎక్కువైతే నీళ్లన్నీ మూత్రంలో పోతాయి, నరమూ దెబ్బతింటాది, సన్న నాళమూ దెబ్బతింటాది. అప్పుడు నీ మాటా నా మాటా రెండూ నిజమే.

కోడలు: ఆ మాట తోసెయ్యలేను. సోమవారం నంద్యాలకు తీసుకొస్తే పరగడుపు షుగరు, మూడు నెలల సగటు రెండూ చూపిద్దాం. తుమ్ముల మాత్ర ఇవాళే మానేయొచ్చు, నిద్ర తెప్పించని రకం ఉంది. రాత్రి మాత్ర మాత్రం మనంతట మనం ఆపకూడదు, రాసిన డాక్టరునే అడగాలి, తగ్గించడమో మార్చడమో ఆయన చేస్తాడు. అది జరిగాక ఇదే కప్పులో ఇదే ఐదు నిమిషాలు కొలుద్దాం.

మామ: అప్పటికీ రాకపోతే?

కోడలు: అప్పుడు నీ నెత్తురు సంగతి కొలిపిస్తా. కలర్ డాప్లర్ పెట్టి, నాలుక మీద నిమ్మరసం వేసి, ఆ ఫేషియల్ ధమనిలో వేగం ఎంత పెరిగిందో చూడొచ్చు. నోరు ఎండించే షోగ్రెన్ జబ్బు అనుమానం ఉన్నవాళ్లకు అట్లా చూస్తారు. ఆ జబ్బుకు నెత్తురు పరీక్షలు కూడా వేరే ఉన్నాయి.

మామ: డాప్లర్‌కు నేనూ వస్తా. మిషను ముందర నిలబడి చూస్తా.